రెండున్నర ఎకరాల ముగ్గు

"అమ్మా, మనింట్ల ముగ్గుపిండి ఎంతుంది?"

రాత్రి గిన్నెలు తోముకుంటుంటే వెనక నుంచి మా చిన్నది అడిగింది. తొమ్మిదో తరగతి. జన్మలో చీపురు ముట్టని పిల్ల, సంక్రాంతికి నాలుగు చుక్కలు పెట్టమంటే ఫోను పట్టుకుని మాయమయ్యే పిల్ల. స్కూల్లో ముగ్గుల పోటీ కాబోలనుకుని నా గుండె పొంగిపోయింది.

"సంక్రాంతికి తెచ్చింది ఐదు కిలోల దాకా ఉంటది. ఎన్ని చుక్కల ముగ్గే?" అన్నాను.

"ముగ్గు కాదమ్మా. రగ్బీ గ్రౌండు."

హాల్లో టీవీ ముందు కూర్చున్న మా అత్తమ్మ అక్కడి నుంచే అందుకుంది. "రగ్గులా? చలి పోయినంక ఇప్పుడు రగ్గులెందుకే?"

మా ఇంట్లోకి రగ్బీ వచ్చిన పద్ధతి ఇదీ.

నిజం చెప్పాలంటే అది అంతకు మూడు రోజుల ముందే వచ్చింది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం వేలాడుతోంది. స్కూల్లో ఆడపిల్లలతో రగ్బీ టీమ్ కడుతున్నారు, ఆదివారం పక్క స్కూలు పిల్లలతో ప్రాక్టీసు మ్యాచ్ ఉంది, ఆడించడానికి మాకు అభ్యంతరం లేదని తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాలి. మా ఆయన చదివి, "ఈ ఆటల కాలో చెయ్యో ఇరిగితే ఎవరు జిమ్మేదారి?" అని అక్కడే తగిలించేశారు. అత్తమ్మ అయితే సరే సరి. "రేపు పెండ్లి కావాల్సిన పిల్ల. మొహానికి దెబ్బ తగిలితే?" నేనేమో, "మీ నాన్న పెడితే పెడతారు, నన్నడగకు" అని పక్కకు తప్పుకున్నాను. కాగితం మీద "తల్లిగానీ" అని ఉన్న సంగతి నేను చూడక కాదు. చూసి కూడా చూడనట్టు మూడు రోజులు ఆ ఫ్రిజ్ తలుపు తీస్తూ వేస్తూ గడిపాను.

సరే, ముగ్గుపిండి సంగతి. గ్రౌండు గీయడానికి పొడి తక్కువ పడిందట. ఎవరింట్లో ముగ్గుపిండి ఉంటే వాళ్ళు తెమ్మన్నారట సార్. "సున్నం పోసుకోవచ్చు కదా" అన్నాను. "వద్దన్నరమ్మా. మేము మొహం నేలకానిచ్చి పడుతం. చెమటకు సున్నం తగిలితే మంట, కంట్ల పడితే ఇంక అంతే. ముగ్గుపిండే నయమన్నరు." మొహం నేలకానిచ్చి పడుతుందట! నా చేతిలో గిన్నె జారింది.

ఆ రాత్రి అది నోటుబుక్కు తెచ్చి నా ముందు పరిచింది. సార్ బోర్డు మీద వేసిన బొమ్మను స్కేలుతో దించుకుంది. ఒక పెద్ద దీర్ఘచతురస్రం, దాన్ని అడ్డంగా కోసే గీతలు, వాటి పక్కన అంకెలు. నేను బీఏ తెలుగు. లెక్కలంటే నాకు ఇప్పటికీ చలిజ్వరం. కానీ ఆ బొమ్మ చూస్తే ఎందుకో ముగ్గులాగే అనిపించింది. నిండు గీతలు కొన్ని, చుక్కల్లాగా తెగిన గీతలు కొన్ని. మీకూ చెబుతాను, రేపు మీ పిల్లలు అడిగితే నాలాగా తెల్లమొహం వేయకుండా ఉంటారు.

ఆడే మైదానం పొడుగు 94 నుంచి 100 మీటర్లు, వెడల్పు 68 నుంచి 70 మీటర్లు. ఆ రెండు చివర్లలో గోలు గీతలు. వాటితో అయిపోదు. గీత దాటాక ఇంకో గది లాంటి జాగా ఉంటుంది, లోతు కనీసం 6 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 22. బంతిని తీసుకెళ్ళి ఆ గదిలో నేలకు ఆనించాలి. దాన్ని ట్రై అంటారు, 5 పాయింట్లు. ఆ తరవాత కాలితో తన్ని, గోలు కర్రల మధ్య నుంచి అడ్డకర్ర పై నుంచి దాటిస్తే ఇంకో 2. గోలు కర్రలు ఫుట్‌బాల్‌లా ఉండవు, ఇంగ్లీషు హెచ్ అక్షరంలా నిలబడతాయి. రెండింటి మధ్య 5.6 మీటర్లు. అడ్డకర్ర 3 మీటర్ల ఎత్తున, అంటే సుమారు మన ఇంటి స్లాబ్ ఎత్తున.

మైదానం మధ్యలో ఒక గీత. గోలు గీతల నుంచి 22 మీటర్ల దూరంలో చెరొకటి. పూర్వం అది 25 గజాల గీత అట, మీటర్లలోకి మారినప్పుడు 22 అయింది. మనం ఇంకా ప్లాట్లు గజాల్లోనే కొంటున్నాం, వాళ్ళు గజాలు వదిలేశారు. ఇవన్నీ నిండు గీతలు. మధ్య గీతకు అటూ ఇటూ 10 మీటర్ల దూరంలో తెగిన గీతలు. ఆట మొదలుపెట్టేటప్పుడు తన్నిన బంతి అక్కడి దాకా చేరాలి. పక్క గీతల నుంచి 5 మీటర్ల దగ్గర ఒకటి, 15 మీటర్ల దగ్గర ఒకటి, ఇవీ తెగినవే. బంతి పక్కకు పోతే రెండు జట్ల వాళ్ళూ వరసగా నిలబడేది ఈ 5కూ 15కూ మధ్యన. ఊరికే అందానికి వేసిన గీత ఒక్కటి లేదు.

బంతిని ముందుకు విసరకూడదట. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకు పోవాలంటే పట్టుకుని పరిగెత్తాలి, లేదా తన్నాలి. "వెనక ఉన్నోళ్ళను నమ్ముకునే ముందుకు ఉరకాలె" అంది మా చిన్నది. ఇంటి కోడళ్ళకు ఈ రూలు కొత్తేమీ కాదు కదూ!

"గీ కొలతలు నాకు సమజైతలేవు. ఎకరాలల్ల చెప్పు" అంది అత్తమ్మ. ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలీదు.

ఫోన్లో లెక్క వేశాం. వంద మీటర్ల పొడుగు, డెబ్బై వెడల్పు, అంటే 7000 చదరపు మీటర్లు. గుంటల్లోకి మారిస్తే ఎకరం ఇరవై తొమ్మిది గుంటలు. అటూ ఇటూ ఉన్న గదులు కూడా పెద్ద కొలతతో కలిపితే దాదాపు రెండున్నర ఎకరాలు.

అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "గంటే మన చెలకంత" అంది.

ఊళ్ళో మామయ్య గారి వాటాకు వచ్చింది సరిగ్గా రెండున్నర ఎకరాల చెలక. మా ఆడబిడ్డ పెండ్లికి అమ్మేశారు. నేను కాపురానికి వచ్చేసరికే ఆ భూమి లేదు. కానీ అత్తమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. ఆమె ఆ చెలకకు సద్ది మోసింది, కలుపు తీసింది, జొన్నకు కావలి కాసింది. గెట్టు పంచాయితీ అయినప్పుడు సర్వేయరు గొలుసు పట్టుకుని నడుస్తుంటే వెనకాల కొంగు నడుముకు చుట్టి తానూ నడిచింది. పట్టాలో మాత్రం ఆమె పేరు ఎన్నడూ లేదు.

"హద్దురాళ్ళు ఎన్నే దీనికి?" అనడిగింది మనవరాలిని.

"రాళ్ళు కాదు నానమ్మా, జెండాలు. పద్నాలుగు."

మూలమూలకూ, గోలు గీత అంచులకూ కలిపి ఎనిమిది. మధ్య గీతకు, 22 గీతలకు సూటిగా, పక్క గీతకు 2 మీటర్ల బయట అటు మూడు ఇటు మూడు. కర్ర కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు. జెండాలకు గుడ్డ కావాలంది. నేను బీరువా తీశాను. మీకు వేరే చెప్పాలా? పేరంటాల్లో, పెండ్లిళ్ళలో పెట్టిన జాకెట్ ముక్కలు, ఏ చీరకూ సరిపోనివి, మళ్ళీ ఎవరికో పెట్టడానికి దాచినవి. ఎరుపు, గులాబీ, ఆకుపచ్చ, పద్నాలుగు తీసి ఇచ్చాను. ఇన్నేళ్ళలో అవి ఒక పనికి వచ్చింది అదే మొదలు.

పిల్ల పడుకున్నాక ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. భయం ఉన్నప్పుడు మనం చేసే పని అదే కదా. ఇంగ్లండులో రగ్బీ అనే ఊళ్ళో ఒక బడి ఉంది. 1823లో ఆ బడి పిల్లాడొకడు ఫుట్‌బాల్ ఆడుతూ బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాడనీ, ఆట అట్లా పుట్టిందనీ కథగా చెప్పుకుంటారు. మన దేశంతోనూ దీనికి పాత సంబంధమే. తెల్లవాళ్ళు కలకత్తాలో పెట్టుకున్న రగ్బీ క్లబ్బు నడవక మూతపడితే, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారట. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచీ ఇంగ్లండు, స్కాట్లండు దాని కోసం ఆడుకుంటున్నాయి. మన రూపాయలు కరిగిన కప్పు! ఏడుగురేసి ఆడే చిన్న ఆట 2016లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ కలిపే. 2019లో మన దేశపు ఆడవాళ్ళ జట్టు పదిహేనుగురి ఆటలో మొదటిసారి గెలిచింది, సింగపూర్ మీద. 2025 జూన్‌లో ముంబయిలో ఆరు జట్లతో లీగ్ జరిగితే అందులో హైదరాబాద్ పేరుతోనూ ఒక జట్టు ఉంది. నాకేమీ తెలియలేదు. నేనా నెలలో మామిడికాయ తొక్కులో మునిగి ఉంటాను.

ఒక్క సంగతి మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. మనకు తెలిసిన కబడ్డీలో మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడుగు, 10 వెడల్పు. ఆడవాళ్ళది 12, 8. రగ్బీలో అట్లా లేదు. ఎవరాడినా అదే మైదానం, అవే గోలు కర్రలు. ఆడవాళ్ళని చెప్పి ఒక్క అడుగు తగ్గించలేదు.

ఎనిమిదో తరగతిలో నేను ఖోఖో ఆడేదాన్ని. బాగానే ఆడేదాన్ని. మండలం ఆటలకు నా పేరు రాసుకున్నారు కూడా. ఆ ఎండాకాలం నేను పెద్దమనిషినయ్యాను. బడి తెరిచాక మా నానమ్మ, "ఇంక ఆటలేంది" అంది. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా నేను నానమ్మనే తిట్టుకున్నాను. ఆ రాత్రి మొదటిసారి అమ్మ గుర్తొచ్చింది. పొయ్యి దగ్గర అటు తిరిగి, వినపడనట్టు అన్నం వార్చుకుంటున్న అమ్మ.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు బయల్దేరాం. మా ఆయనది హార్డ్‌వేర్ షాపు. సంతకం పెట్టలేదు గానీ, రాత్రి షాపు నుంచి వస్తూ 50 మీటర్ల టేపు, నైలాన్ తాడు కట్ట తెచ్చి ముగ్గుపిండి సంచి పక్కన పెట్టారు. ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అత్తమ్మ చంకలో పాత బొంత ఉంది. "కూసోనీకె" అంది.

మంచులో చర్చి గోపురం మసకగా కనిపిస్తోంది. మా మెదక్‌లో దేని పెద్దతనం చెప్పాలన్నా చర్చితోనే పోలుస్తాం. దాని పొడుగు 200 అడుగులు, వెడల్పు 100 అంటారు. రగ్బీ మైదానం 328 అడుగులు, వెడల్పు 230. అంటే మైదానానికి అడ్డంగా పెడితే మూడు చర్చిలు పక్కపక్కన పట్టి, ఇంకా జాగా మిగులుతుంది. గ్రౌండులో నిలబడితేగానీ ఆ లెక్క నాకు అర్థం కాలేదు. ఆ చివర నిలబడిన పిల్ల వేలెడంత కనిపించింది.

మా గ్రౌండు అంత లేదు. పొడుగు 80 మీటర్లు, వెడల్పు 50 దగ్గర ఆపారు సార్. ప్రాక్టీసుకు చాలన్నారు. లోపలి గీతలను కూడా ఆ లెక్కలోనే దగ్గరికి జరిపారు. మొదటి మూల దగ్గరే తిప్పలు వచ్చాయి. గీత ఒకవైపుకు పోతోంది. పిల్లలు తాడు లాగుతున్నారు, మళ్ళీ వంకర.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఇల్లు కట్టే ముందు పునాదికి పిండితో గీతలు పోస్తారే, దాన్ని మనం "ముగ్గు పోయడం" అనే కదా అంటాం. చిన్నప్పుడు తాడు ఇటు పట్టు అంటే పట్టేదాన్ని. మూల నుంచి ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగు. ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా ఐదు రావాలి. వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. నేను సార్ దగ్గరికి వెళ్ళి, "ఇటు ఆరు మీటర్లు, అటు ఎనిమిది పెట్టండి సార్, మధ్యన పది రావాలె" అన్నాను. మేకు రెండు జానలు జరిపితే పది వచ్చింది. "మేడం మ్యాథ్సా?" అన్నారాయన. "తెలుగు సార్" అన్నాను. మా చిన్నది నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను. ఇంట్లో వండిపెట్టే మనిషిని ఎవరో కొత్తగా చూసినట్టు చూసింది.

తరవాత ఇద్దరు తల్లులం కొంగులు దోపుకుని తాడు వెంట గీత పోశాం. వాకిట్లో ముగ్గు వేళ్ళతో వేస్తాం. ఇది గుప్పిటతో, నడుం వంచి, నడుస్తూ వేయాలి. మా ఐదు కిలోలు ఒక పక్క గీతలో సగానికే అయిపోయాయి. అసలు కొలత మైదానానికైతే, చివరి గదులు 10 మీటర్లు వేసుకున్నా, నిండు గీతలే మొత్తం 730 మీటర్లు అవుతాయి. తెగిన గీతలు వేరే. పద్నాలుగు ఇళ్ళ ముగ్గుపిండి, స్కూలు సంచి కలిపి ఎట్లాగో గట్టెక్కించాం. గోలు కర్రలకు వెదురు బొంగులు పాతారు. ఉరుకుతూ వచ్చి కొట్టుకుంటే ఎట్లా అని సార్ అటూ ఇటూ చూస్తుంటే అత్తమ్మ లేచి, తన కింద ఉన్న బొంత తీసి ఇచ్చింది. బొంగుకు చుట్టి తాడుతో కట్టారు. "నేనన్న గదా రగ్గులని" అంది. నిజమే, అన్నది.

అప్పుడు సార్ కాగితాలు అడిగారు. అందరూ ఇచ్చారు. మా చిన్నది బ్యాగులోంచి తీసి, మడతలు విప్పి, ఏమీ అనకుండా నా ముందు పట్టుకుంది. అడగలేదు. బతిమాలలేదు. వాళ్ళ నాన్నకు ఫోను చేయమనీ అనలేదు. ఊరికే పట్టుకుంది.

నాకు మా అమ్మ వీపు కనిపించింది.

పెన్ను తీసుకుని నా పేరు రాశాను. వేళ్ళ నిండా పిండి. కాగితం మీద సంతకం పక్కన బొటనవేలి ముద్ర తెల్లగా పడింది.

ఏడు నిమిషాలు ఒక సగం, ఏడు నిమిషాలు ఇంకో సగం. జట్టుకు ఏడుగురు. పద్నాలుగు నిమిషాలు నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తు లేదు. మొదటి సగంలో మా పిల్ల బంతి పట్టుకుని పక్క గీత వెంట ఉరికింది. ముందు ఎవరూ లేరు. విజిల్ వేశారు. బొటనవేలు గీత మీద పడిందట. "గీత దాటలేదు కదా సార్" అని నేను బయటి నుంచి అరిచాను. పక్క గీత తాకినా బయటికి పోయినట్టేనట.

రెండో సగంలో మళ్ళీ దొరికింది. ఇద్దరు నడుం పట్టి పడేశారు. మొహం నేలకానిచ్చి పడింది, చెప్పినట్టే. నేను లేచి నిలబడ్డాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆగు బిడ్డా" అంది. కింద పడిన పిల్ల పడ్డట్టే చెయ్యి చాపింది. బంతి వెళ్ళి గోలు గీత మీద ఆనింది. గీత దాటలేదు, గీత మీద. అయిపోయింది, ఇదీ పోయింది అనుకున్నాను.

సార్ చెయ్యెత్తి ట్రై ఇచ్చారు. ఐదు పాయింట్లు.

"ఇందాక గీత తాకితే పోయింది అంటిరి, ఇప్పుడు తాకితే వచ్చింది అంటున్నరు?" అని ఆట అయ్యాక అడిగాను. ఆయన నవ్వి చెప్పారు. పక్క గీత బయటి జాగా లెక్కలోకి వస్తుంది, తాకితే బయట. గోలు గీత లోపలి గది లెక్కలోకి వస్తుంది, తాకితే చేరినట్టే. రెండూ నేను పోసినవే. అదే పిండి, అదే వెడల్పు. ఏ గీత ఎటువైపుదో తెలుసుకోవాలి, అంతే.

మ్యాచ్ మా వాళ్ళు ఓడిపోయారు. మోచెయ్యి చీరుకుపోయింది, చుబుకం మీద గీరుకుంది. ఇంటికొచ్చాక మా ఆయన ఆ చుబుకం చూశారు, నన్ను చూశారు. "సంతకం నేను పెట్టిన" అన్నాను. తలుపు తీసి పెట్టుకుని గొడవకు సిద్ధంగానే నిలబడ్డాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. దూది, డెట్టాల్ తెచ్చి పిల్ల ముందు కూర్చున్నారు. తుడుస్తూ తుడుస్తూ, "టేపు సరిపోయిందా?" అని మాత్రం అడిగారు. ఆ రెండు రోజులూ నాతో పొడి మాటలే. మూడో రోజు నుంచి మామూలే.

భయం పోయిందని చెప్పను. ప్రతి మంగళవారం, శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చేదాకా నా చెవి గేటు దగ్గరే ఉంటుంది. భుజాల పైన పట్టకూడదనే రూలు ఉందనీ, పడటం కూడా నేర్పిస్తారనీ అది నాకు ధైర్యం చెబుతుంది. చెప్పనీ. నా భయం నేను పడతాను. దాన్ని ఫ్రిజ్ మీద మాత్రం తగిలించను.

అత్తమ్మ బొంత ఇంకా గ్రౌండులోనే ఉంది. తెప్పించనా అంటే, "ఉండనీ తియ్, మన చెలకల ఉన్నట్టే" అంది.

ఇంతకీ ముగ్గుపిండి అయిపోయింది. ఎల్లుండి శుక్రవారం. మీలో ఎవరైనా మా వీధిలో ఉంటే ఒక గ్లాసెడు పెట్టండి.